తొలి సరుకు బండి: షోరూములో బేరం

మన వాళ్లలో బేరమాడటం రానివారు తక్కువ. టమాటా మండీలో క్రేటుకు ఐదు రూపాయల కోసం అరగంట నిలబడే మనిషి, సంతలో పొట్టేలు నడుం మీద చెయ్యి వేసి బరువు చెప్పగల మనిషి, కొత్త బండ్ల షోరూములోకి అడుగుపెట్టగానే ఎందుకో మెత్తబడిపోతాడు. చల్లటి గది, గాజు తలుపులు, కుర్చీ వేసి టీ తెచ్చి ఇచ్చే కుర్రవాడు, అచ్చు వేసిన కాగితం. అచ్చులో ఉన్న అంకెను అడగకూడదేమో అనిపిస్తుంది. "ఎంత తగ్గిస్తావు భాయ్?" అని ఒక్క మాట అడిగి, పదివేలు తగ్గిందని సంతోషపడి, చూపించిన చోటల్లా సంతకం పెట్టి వస్తాడు. ఆ పదివేలకు ఆరింతలు అదే బల్ల మీద, వేరే కాగితంలో పోయిన సంగతి అతనికి ఎవరూ చెప్పరు.

నేను లెక్కల మాస్టరును. మదనపల్లె చుట్టుపక్కల బడుల్లో నా దగ్గర చదివిన పిల్లలు చాలామంది ఇప్పుడు టమాటా మండీల్లో, మామిడి తోటల గుత్తల్లో, కోళ్ల రవాణాలో ఉన్నారు. కొన్నేళ్లు బాడుగ బండ్లతో నెట్టుకొచ్చి, సొంత బండి కొనాలనుకున్నప్పుడు కొటేషను పట్టుకుని ఇంటికి వస్తారు. "సార్, ఒక్కసారి చూడండి" అంటారు. ఇక్కడ చెప్పేది ఆ కాగితాలు చూస్తూ చూస్తూ పోగైన సంగతులు. బండి ధర, అప్పు, ఇన్సూరెన్సు, పాత బండి మార్పిడి అనేవి నాలుగు వేర్వేరు బేరాలు. అమ్మేవాడు నాలుగింటినీ ఒకే మూట కట్టి, "నెలకు ఇంత కట్టుకోండి చాలు" అంటాడు. మూట విప్పించడమే కొనేవాడి పని.

షోరూముకు పోకముందే తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. ఎంత బరువు మోయాలి? 2005లో టాటా ఏస్ వచ్చాక జనం దానికి చోటా హాథీ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. తర్వాత అశోక్ లేలాండ్ దోస్త్, మారుతీ సూపర్ క్యారీ వచ్చాయి. మహీంద్రా బొలేరో పికప్పు ఉండనే ఉంది. చిన్నవి సుమారు ముప్పాతిక టన్ను మోస్తాయి, పెద్ద పికప్పులు టన్నున్నర, కొన్ని అంతకంటే ఎక్కువ కూడా మోస్తాయి. క్రేటు 25 కిలోలు అనుకున్నా 30 క్రేట్లకే ముప్పాతిక టన్ను అవుతుంది. "అందరూ యాభై వేస్తున్నారు కదా సార్" అంటారు. వేస్తారు. మోటారు వాహనాల చట్టానికి 2019లో జరిగిన సవరణ ప్రకారం అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2,000. ఒక్కసారి పట్టుబడితే వారం బాడుగ పోతుంది. మీ సరుకుకు సరిపడే రెండు మూడు కంపెనీల బండ్లు మనసులో పెట్టుకుని పోవాలి. ఒకే బండి మీద మనసు పారేసుకున్నవాడికి బేరం చేసే బలం ఉండదు. పిల్లవాడు ఆ రంగే కావాలని పట్టుబడితే అతన్ని ఇంటి దగ్గరే వదిలి వెళ్లడం మంచిది.

బండి, సరుకు కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటకపోతే చట్టం ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. దాటితే కావాలి. ఈ తేడా ఏటా ఖర్చులో కనిపిస్తుంది కాబట్టి మోడలు ఎంచుకునేటప్పుడే అడగాలి. లైసెన్సు గురించి చాలామందికి భయం ఉంది. మామూలు కారు లైసెన్సు, అంటే ఎల్‌ఎంవీ ఉన్నవారు 7,500 కిలోలలోపు సరుకు బండిని వేరే ముద్ర లేకుండానే నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చి చెప్పింది. లైసెన్సు సాకుతో ఎవరైనా డబ్బు అడిగితే ఇది గుర్తుంచుకోండి.

ఇక కొటేషను. "ఆన్‌రోడ్డు ఇంత" అని చీటీ మీద ఒక్క అంకె రాసిస్తే తీసుకోవద్దు. ఒక్కో పద్దు ఒక్కో వరుసలో రాసి, షోరూము ముద్ర వేసి ఇవ్వమనాలి. అడిగితే ఇస్తారు. ఎక్స్‌షోరూము ధరలో జీఎస్‌టీ కలిసే ఉంటుంది. సరుకు బండ్ల మీద ఈ పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను లేని ధర ఏడు లక్షలైతే అంతకుముందు పన్ను 1,96,000, ఇప్పుడు 1,26,000. ఈ 70,000 ప్రభుత్వం తగ్గించినది. దాన్నే షోరూము తన ఆఫరుగా లెక్కేసి చూపితే, "అది సరే, మీరిచ్చేది ఎంత?" అని అడగాలి.

రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము ప్రభుత్వానివి. వాటిలో బేరం లేదు, కానీ రవాణా శాఖ రశీదు మీ చేతికి రావాలి. రశీదులో ఉన్నదానికీ మీరు కట్టినదానికీ తేడా ఉంటే అడగాలి. బండి విలువ పది లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్ అని వసూలు చేస్తారు. అది పోయిన డబ్బు కాదు. ఆదాయపు పన్ను రిటర్ను వేసి లెక్కలో చూపిస్తే పన్నుకు జమ అవుతుంది, పన్ను లేకపోతే తిరిగి వస్తుంది. మనలో చాలామంది రిటర్ను వేయరు, ఆ పదివేలు వదిలేస్తారు. రిటర్ను వేయకపోవడం వల్ల ఇంకో నష్టం ఉంది, దాని సంగతి తర్వాత.

మిగతా పద్దులు చూడండి. హ్యాండ్లింగ్ చార్జీలు, లాజిస్టిక్సు, ఫైలు ఖర్చు, యాక్సెసరీ కిట్టు, అదనపు వారంటీ. వీటిలో ఒక్కటి కూడా ప్రభుత్వ రుసుము కాదు. బేరం గట్టిగా చేయాల్సింది ఇక్కడే. సీటు కవర్లు, మ్యాట్లు, వెనక ఇనుప కటకటాలు, టార్పాలిన్ అన్నీ బయట దొరికేవే. వెల్డింగు షాపువాడు మీ క్రేట్ల కొలతకు చేసిస్తాడు, షోరూము కిట్టు ఎవరి కొలతకు చేసిందో తెలియదు. కాకపోతే బాడీ కొలతలు ఆర్‌సీలో ఉన్నదానికంటే పెంచితే ఫిట్‌నెస్‌కు పోయినప్పుడు ఇబ్బంది. కొత్త బండికి మొదటి ఫిట్‌నెస్ రెండేళ్లకు, ఎనిమిదేళ్ల వయసు దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా చేయించాలి.

ఇన్సూరెన్సును షోరూములోనే తీసుకోవాలన్న నియమం ఎక్కడా లేదు. ప్రీమియంలో రెండు భాగాలుంటాయి. థర్డ్ పార్టీ భాగాన్ని ప్రభుత్వం నిర్ణయిస్తుంది, ఏ కంపెనీలోనైనా అంతే. సొంత బండికి జరిగే నష్టం భాగంలోనే కంపెనీకీ కంపెనీకీ తేడా. ముందురోజే బయట ఏజెంటు దగ్గర ఒక అంకె రాయించుకుని జేబులో పెట్టుకుని పోండి. ఆ కాగితం తీసి చూపిస్తే చాలు, షోరూము అంకె దిగుతుంది. తక్కువ ప్రీమియం అని మురిసిపోకుండా ఐడీవీ ఎంతో చూడాలి. బండి దొంగతనం పాలైనా, పూర్తిగా దెబ్బతిన్నా కంపెనీ ఇచ్చే డబ్బుకు అదే పైహద్దు. దాన్ని తగ్గించి ప్రీమియం తగ్గించినట్టు చూపడం సులువు. సొంతంగా నడుపుకునే యజమానికి 15 లక్షల ప్రమాద బీమా ఉంటుంది. ఇంట్లో సంపాదించేది అతనొక్కడే అయినప్పుడు, ఆ వరుస పాలసీలో ఉందో లేదో ఇంటికి రాకముందే చదవాలి. నామినీ పేరు కూడా.

ఇప్పుడు అసలు విషయం, అప్పు. నా పాత విద్యార్థి ఒకడు ఆరు లక్షల అప్పుకు కాగితాలు తెచ్చాడు. షోరూములో కూర్చున్న ఫైనాన్సు కుర్రవాడు అతనికి ఇలా చెప్పాడట: "భాయ్, మా దగ్గర వడ్డీ ఎనిమిదే. బ్యాంకులో పది. పైగా బ్యాంకువాళ్లు తిప్పుతారు." ఎనిమిది కంటే పది ఎక్కువ అని ఒకటో తరగతి పిల్లవాడికీ తెలుసు. కానీ ఆ ఎనిమిది ఫ్లాట్ వడ్డీ, ఆ పది తరిగే అసలు మీద వేసే వడ్డీ. రెండూ వేర్వేరు కొలతలు.

కొటేషను వెనక్కి తిప్పి ఇద్దరం లెక్క వేశాం. ఆరు లక్షల మీద 8 శాతం అంటే ఏడాదికి 48,000. నాలుగేళ్లకు 1,92,000. మొత్తం 7,92,000ను 48 నెలలకు పంచితే కిస్తీ 16,500. ఇందులో అసలు 12,500, వడ్డీ 4,000. "సరిగ్గానే ఉంది కదా సార్" అన్నాడు. రెండేళ్లు కట్టాక అసలు ఎంత మిగిలింది అని అడిగాను. మూడు లక్షలు అన్నాడు. మరి వడ్డీ? నాలుగు వేలే. చివరి నెలలో మిగిలిన అసలు ఎంత? 12,500. దాని మీద ఆ ఒక్క నెల వడ్డీ? పెన్ను కింద పెట్టి నా మొహం చూశాడు. అప్పుడూ నాలుగు వేలే.

తరిగే అసలు లెక్కలో చెబితే ఈ 8 శాతం నిజానికి 14 శాతం పైమాట. అదే ఆరు లక్షలు, అదే 48 నెలలు, బ్యాంకు 10 శాతానికి కిస్తీ సుమారు 15,220 అవుతుంది. నెలకు 1,280 తేడా, నాలుగేళ్లకు 61,000 పైన. షోరూము తగ్గించిన పదివేలు ఇందులో ఏ మూలకు? అతని నాన్న పక్కనే కూర్చుని అంతా విని, "రెండు క్వార్టర్ల స్కూలు ఫీజు, ఇద్దరికీ" అన్నాడు. ఆయనకు ఆ లెక్క వెంటనే తట్టింది.

కాబట్టి వడ్డీ శాతం ఎంత అని అడగటం చాలదు. రెండు ప్రశ్నలు అడగాలి. మొదటిది, చివరి కిస్తీ కట్టేసరికి నా జేబులోంచి మొత్తం ఎంత పోతుంది? రెండవది, ఏపీఆర్ ఎంత? 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులూ ఫైనాన్సు కంపెనీలూ ఇలాంటి అప్పులకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంటు అనే కాగితం ఇచ్చి తీరాలని రిజర్వు బ్యాంకు ఆదేశం. ఫీజులన్నీ కలిపిన అసలైన వార్షిక ఖర్చు, అంటే ఏపీఆర్, అందులో ఉంటుంది. అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి, తెలుగులో అడగవచ్చు. అందులో లేని చార్జీని మీ ఒప్పుకోలు లేకుండా తర్వాత వసూలు చేయకూడదు. అది ఇచ్చాక నిర్ణయం తీసుకోవడానికి కనీసం మూడు పనిదినాలు గడువు ఇవ్వాలి. "ఈ రోజే సంతకం పెట్టకపోతే ఆఫరు పోతుంది" అని తొందరపెట్టేవారికి ఈ మూడు రోజుల మాట చెప్పి చూడండి.

"నెలకు ఎంత కట్టగలరు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పవద్దు. 14,000 అని నోరు జారితే, అదే ఫ్లాట్ వడ్డీతో 60 నెలలకు సాగదీసి సరిగ్గా 14,000 కిస్తీ చూపిస్తారు. మొత్తం కట్టేది 8,40,000. నెలకు 2,500 తగ్గిందన్న సంతోషం ఖరీదు 48,000. ముందు నగదు ధర తేల్చుకుని, కాగితం మీద రాయించుకుని, ఆ తర్వాతే అప్పు మాట ఎత్తాలి. పాత ఆటో మార్చుకోవాలని ఉంటే దాని మాట అన్నిటికంటే చివర. ముందే చెబితే పాతదానికి ఎక్కువ ఇచ్చినట్టే ఇచ్చి కొత్తదానిలో కలుపుకుంటారు. పాత బండిని బయట అమ్మితే ఎంత వస్తుందో ముందే తెలుసుకుని ఉండాలి.

బ్యాంకు నిజంగానే తిప్పుతుందా? కొంత నిజమే. మనం నగదులో వ్యాపారం చేసి, ఖాతాలో ఏమీ చూపించకుండా, రిటర్ను వేయకుండా వెళ్లి అడిగితే మేనేజరు ఏం చూసి ఇస్తాడు? బండి కొనాలన్న ఆలోచన వచ్చిన రోజు నుంచే మండీ లావాదేవీలు ఖాతాలోంచి నడపాలి. ముద్ర పథకంలో తొలిసారి తీసుకునేవారికి పది లక్షల దాకా ఆస్తి తాకట్టు లేకుండా ఇస్తారు, బతుకుదెరువు కోసం కొనే సరుకు బండ్లు కూడా అందులోకి వస్తాయి. బ్యాంకు మంజూరు కాగితం చేతిలో ఉన్నవాడితో షోరూము మాట్లాడే తీరే వేరు. ఫైనాన్సు కుర్రవాడి ఎనిమిది కూడా అప్పుడు ఆరున్నరకు దిగడం చూశాను.

వడ్డీ అప్పే వద్దనుకునే కుటుంబాలు మనలో ఉన్నాయి. వారి దారి వేరు. మన బ్యాంకుల్లో వడ్డీలేని పద్ధతికి ప్రత్యేక విభాగం లేదు, ఆ ప్రతిపాదనను రిజర్వు బ్యాంకు 2017లో పక్కన పెట్టింది. కూడబెట్టడం, అయినవారి దగ్గర ఖర్జె హసనా తీసుకోవడం, ముందు ఒక పాత బండితో మొదలుపెట్టడం మిగిలిన దారులు. అయినవారి అప్పయినా కాగితం మీద రాసుకోవాలి. రుణం రాసుకోమని అల్ బఖరా సూరాలోనే ఉంది కదా, తమ్ముడి దగ్గర రాయించుకోవడానికి మొహమాటమెందుకు? "వడ్డీ సున్నా" అన్న బోర్డులు చూసి మాత్రం తొందరపడవద్దు. నగదుకు ఎంత, కిస్తీల మీద మొత్తం ఎంత అని రెండు అంకెలు అడగండి. రెండింటికీ తేడా ఉంటే పేరు మార్చుకుని వచ్చిన వడ్డీయేమో చూసుకోవాలి. మురాబహా అని చెప్పి అమ్మేవారైతే తాము కొన్న ధర, వేసుకున్న లాభం రెండూ ముందే తెరిచి చెప్పాలి. చెప్పకపోతే అది మురాబహా కాదు.

జమానతు సంతకం గురించి గట్టిగానే చెప్పాలి. మేనల్లుడు బండి కొంటున్నాడంటే మామూ సంతకం పెట్టేస్తాడు. ఏమిటని చదవడు, చదివితే అనుమానించినట్టు ఉంటుందని. కాంట్రాక్టు చట్టం ప్రకారం ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, జమానతుదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. అప్పులో సగానికో, మాట సాయానికో కాదు, మొత్తానికి. టమాటా ధర పడిపోయిన ఏడాది మూడు కిస్తీలు తప్పితే, ఫోను మామూకు వస్తుంది. ఒక ఇంట్లో ఇలా మొదలైన మాట పట్టింపు పెళ్లి పిలుపులు ఆగిపోయేదాకా పోవడం చూశాను. జమానతు అడిగేవాడే అప్పు మొత్తం, కిస్తీ, గడువు రాసిన కాగితం నకలు తీసి మామూ చేతిలో పెట్టాలి. ఖాళీ కాగితాల మీద, అంకె రాయని చెక్కుల మీద ఎవరూ సంతకం పెట్టకూడదు. ఎన్ని చెక్కులు ఇచ్చారో, వాటి నంబర్లేమిటో రాసి రశీదు తీసుకోవాలి.

కిస్తీ మొదలయ్యే తేదీ కూడా బేరంలో భాగమే, ఇది ఎవరూ అడగరు. మండీ పని ఏడాదంతా ఒకేలా ఉండదు. సీజను ముగిసే వేళ బండి కొని, పని లేని నెలల్లో మొదటి నాలుగు కిస్తీలు కట్టాల్సి వస్తే బతుకు అక్కడే తడబడుతుంది. సీజను మొదట్లో బండి చేతికి వచ్చేలా చూసుకోవాలి, మొదటి కిస్తీని నెలో నలభై ఐదు రోజులో వెనక్కి జరపమని అడగాలి. అలా జరిపినందుకు వడ్డీ ఎంత కలుపుతున్నారో కూడా అడగాలి. ధర తగ్గేది ఎప్పుడంటే, నెలాఖరులో షోరూములకు లక్ష్యాలుంటాయి, మార్చిలో ఇంకా ఎక్కువ. డిసెంబరులో ఆ ఏడాది తయారైన బండ్లు వదిలించుకోవాలని చూస్తారు. తయారైన నెల, సంవత్సరం ఆర్‌సీలో అచ్చవుతాయి కాబట్టి రేపు మీరు అమ్మేటప్పుడు పాత ఏడాది బండికి ధర తక్కువ పలుకుతుంది. ఆ తేడాను ఈ రోజే ధరలో తగ్గించుకోవాలి. ఒకే కంపెనీకి మదనపల్లెలో ఒక షోరూము, తిరుపతిలో ఒకటి, అనంతపురంలో ఒకటి ఉంటాయి. మూడు కొటేషన్లు తేవడానికి అయ్యే బస్సు చార్జీ వృథా కాదు.

బయానా తక్కువగా ఇవ్వండి, రశీదు తీసుకోండి. మోడలు, ఖాయమైన ధర, బండి ఇచ్చే తేదీ, ఆలోపు కంపెనీ ధర పెంచితే ఎవరు భరించాలి, అప్పు మంజూరు కాకపోతే బయానా తిరిగి ఇస్తారా అన్నవి అందులో ఉండాలి. మాట మీద వదిలేస్తే బండి వచ్చిన రోజు "కొత్త రేటు భాయ్" అంటారు. మిగతా డబ్బు చాసిస్ నంబరు చూసి, అదే నంబరు ఇన్వాయిసులో, ఇన్సూరెన్సులో ఉందని సరిపోల్చుకున్నాకే కట్టాలి. టైరు పక్కన నాలుగంకెల గుర్తు ఉంటుంది, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. స్టెప్నీదీ చూడండి. జాకీ, పానా, రెండో తాళంచెవి, సర్వీసు పుస్తకం లెక్కపెట్టుకోండి. ఈ పని పగటి వెలుగులో చేయాలి, దీపాలు పెట్టాక కాదు.

తర్వాత గొడవ వస్తే, సరుకు బండి వ్యాపారానిది కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు పోలేరని కొందరు బెదిరిస్తారు. కేవలం స్వయం ఉపాధితో బతకడానికి కొన్న వస్తువు అయితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం వర్తిస్తుంది. ముందుగా 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. కొటేషను, బయానా రశీదు, స్టేట్‌మెంటు అన్నీ ఒక ఫైలులో ఉంటేనే ఆ ఫోను వల్ల ఉపయోగం.

ఆ ఫైలులోకి చివరిగా చేరవలసిన కాగితాలు నాలుగేళ్ల తర్వాత వస్తాయి. ఆఖరి కిస్తీ కట్టగానే అప్పిచ్చినవారి దగ్గర ఎన్‌ఓసీ, సంతకం చేసిన ఫారం 35, ఇచ్చిన ఖాళీ చెక్కులు వెనక్కి తీసుకుని, రవాణా కార్యాలయంలో ఆర్‌సీ మీద వారి పేరు తీయించాలి. ఇన్సూరెన్సు పాలసీలోనూ తీయించాలి.